కవిత చదివి మాట చెప్పడం: ఔత్సాహిక కవులు తరచుగా అడిగే ప్రశ్నలు

రాసిన పద్యాన్నో కవితనో తోటివారి చేతికిచ్చి వారి మాట (చదివాక కలిగిన అభిప్రాయం) కోసం ఎదురుచూసేవారూ, ఆ మాట ఎలా చెప్పాలో తెలియక తటపటాయించేవారూ మా బృందంలో పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ, కొందరైతే రిటైరయ్యాక తీరిక చిక్కి కవిత్వంలోకి వచ్చినవారి కోసం రాసిన జవాబులివి. పండితులకు ఇందులో కొత్త సంగతులేమీ ఉండవు.

"బాగుంది" అంటే చాలదా?

తప్పేమీ లేదు గాని, చాలదు. కవి ఆ మాట విని సంతోషిస్తాడు, ఆ పూట గడిచిపోతుంది, మరునాడు కొత్త కవిత రాయడానికి కూర్చున్నప్పుడు మాత్రం నిన్నటి మాట అతనికి దేనికీ పనికిరాదు, ఎందుకంటే ఏది బాగుందో అతనికి తెలియదు. "అద్భుతం", "అమోఘం", "మీ కలానికి వందనం" వంటివి కూడా ఇంతే. వాటిని ఏ కవిత కింద పెట్టినా సరిపోతాయి కాబట్టి అవి ఏ కవితకూ చెందవు. మేము ఒక చిన్న అలవాటు చేసుకున్నాం: "బాగుంది" అన్నవారు ఆ వెంటనే "ఎందుకంటే" అని మొదలుపెట్టి ఇంకొక్క వాక్యం చెప్పాలి. ఆ వాక్యం కవితలోని ఒక చోటును చూపించాలి. "మూడో పాదంలో తడినేల దగ్గర ఆగి మళ్లీ మొదటికి వెళ్లాను" అన్నది చాలా మామూలు మాటే, కానీ కవి దాన్ని దాచుకుంటాడు.

నాకు ఛందస్సు రాదు. పద్యాల మీద నేను మాట చెప్పవచ్చా?

చెప్పవచ్చు, చెప్పి తీరాలి కూడా. ఎందుకో ఒక పద్యంతోనే చూపిస్తాం. మా బృందంలో కొత్తగా చేరిన ఒక ఉపాధ్యాయురాలు తన మొదటి ఆటవెలదిని ఇలా రాసి ఇచ్చారు.

వాన వెలిసినంత వాకిట ముగ్గులో
చుక్క చెదరి నీట కలిసిపోయె
అమ్మ కొంగుతోడ నద్దెను తడినేల
మరల పిండితోడ మల్లె పూచె

గణమంటే గురువులు (ఎక్కువసేపు పలికే అక్షరాలు), లఘువులు (తక్కువసేపు పలికేవి) కలిసిన చిన్న గుంపు. సూర్యగణాలు, ఇంద్రగణాలు అలాంటి రెండు రకాలు. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాలకు అయిదూ సూర్యగణాలే. పాదాలన్నిటా రెండో అక్షరంలో ఒకటే హల్లు రావాలన్న ప్రాస నియమం లేదు. ప్రతి పాదంలోనూ మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి, అంటే హల్లుకు హల్లు, అచ్చుకు అచ్చు పొసగడం, కుదరాలి. గణాలన్నీ సరిపోయాయి. ఛందస్సు తెలిసినవారందరి చూపూ రెండో పాదం మీద పడింది. "యతి ఒకసారి చూడండమ్మా, పాదం చు తో మొదలైంది, నాలుగో గణం క తో మొదలైంది" అని ఒక పెద్దాయన సౌమ్యంగానే చెప్పారు. "కలిసిపోయె బదులు జారిపోయె అనండి, చ కి జ యతి చెల్లుతుంది" అని మరొకరు సాయం చేయబోయారు. హల్లు చెల్లుతుంది గాని అచ్చు చెల్లదు. చు లో ఉన్నది ఉకారం, దానికి ఉ, ఊ, ఒ, ఓ లతోనే మైత్రి, జా లో ఉన్నది ఆకారం. చివరికి ఆవిడే "సోలిపోయె" అన్న మాట తెచ్చుకున్నారు. చ కి స, ఉ కి ఓ, రెండూ కుదిరాయి. నీటిలో కలిసిపోవడం కంటే సోలిపోవడంలో చుక్కకు కాస్త ప్రాణం కూడా వచ్చింది.

ఇంత చర్చ జరిగాక, ఛందస్సు బొత్తిగా తెలియని ఒకావిడ అడిగారు: "వాన వెలిశాక చుక్క ఎందుకు చెదురుతుందండీ? కురిసేటప్పుడు కదా చెదిరేది!" గణాలు లెక్కపెడుతూ కూర్చున్న మా అందరికీ ఆ ప్రశ్నతో నోట మాట రాలేదు. "వాన కురియువేళ" అని మారిస్తే గణాలు చెక్కుచెదరవు, మన కళ్లెదుట వాన మాత్రం నిజంగా కురుస్తుంది. ఆవిడే ఇంకొకటి కూడా చూశారు, రెండుసార్లు "తోడ" వచ్చింది, రెండోది ఊరికే వచ్చినట్టుందని. పాదం నింపడానికి వేసే ఇలాంటి మాటలను పూరణ పదాలు, వ్యర్థపదాలు అంటారని ఆవిడకు తెలియదు. తెలియకపోయినా చెవికి తగిలింది. పద్యం ఇప్పుడు ఇలా ఉంది.

వాన కురియువేళ వాకిట ముగ్గులో
చుక్క చెదరి నీట సోలిపోయె
అమ్మ కొంగుతోడ నద్దెను తడినేల
మరల పిండి రాల మల్లె పూచె

రెండో పాదం చివర "పోయె" తర్వాత మూడో పాదం "అమ్మ" అని అచ్చుతో మొదలవడం విసంధి (సంధి చేయవలసిన చోట చేయకపోవడమనే దోషం) కాదా అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. వాక్యం అక్కడ ముగిసింది కాబట్టి ఫరవాలేదని మేము వదిలేశాం. సంప్రదాయం గట్టిగా పాటించేవారు ఒప్పుకోరు. ఆ మాటా పద్యం పక్కనే రాసి ఉంచాం.

మూడో పాదంలో "అ" కి "న" యతి ఎలా కుదిరింది? నా పద్యంలో ఇలాంటిదాన్నే తప్పన్నారు.

"కొంగుతోడన్" అన్న మాటలోని నకారం "అద్దెను"తో కలిసి "నద్దెను" అయింది. పైకి కనిపించేది న, లోపల ఉన్నది అ. ఆ అకారానికీ పాదం మొదటి అకారానికీ చెల్లిన యతి ఇది, స్వరయతి. మీ పద్యంలో సంధి ఇలా విడదీయగలిగేదైతే మీదే ఒప్పు. లేకపోతే చెప్పినవారిదే ఒప్పు. కొత్తవారు రాసే పద్యాలలో తప్పని చెప్పిన యతుల్లో కొన్ని నిజానికి తప్పులు కావు, అందుచేత దోషం చూపేవారు పదాన్ని ఒకసారి విడదీసి చూసుకుని మాట్లాడడం మంచిది.

ఏ ఛందస్సుతో మొదలుపెట్టాలి?

ఆటవెలదితో గాని తేటగీతితో గాని మొదలుపెట్టండి. రెండింటికీ ప్రాస బాధ లేదు, యతి కుదరకపోతే ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు వాటి తర్వాతి అక్షరాలను కలపడం) వేసుకునే వెసులుబాటు ఉంది, పైగా వేమన పద్యాలు బళ్లో వల్లెవేసిన ప్రతి తెలుగువాడి చెవిలోనూ ఆటవెలది నడక ముందే ఉంటుంది.

"కందం రాసినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు" అన్న సామెత విని కొందరు నేరుగా కందానికి దిగుతారు. కందంలో బేసి గణాలలో జగణం (లఘువు, గురువు, లఘువు) రాకూడదు, ఆరో గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో అయి తీరాలి, రెండో, నాలుగో పాదాల చివర గురువు ఉండాలి, నాలుగు పాదాలూ లఘువుతోనో గురువుతోనో ఒకేలా మొదలవాలి, ఆపైన ప్రాస ఉంది. ఇవన్నీ కుదిర్చేసరికి చెప్పదలచుకున్న సంగతి ఆవిరైపోతుంది. ఉత్పలమాల, చంపకమాల మరికాస్త ఆగవచ్చు.

వచన కవితకు నియమాలే లేవు కదా, అందులో ఏం చూడాలి?

నియమాలు లేవన్నది నిజమే, కానీ లెక్క లేదని కాదు. వచన కవితను ఒక ఉద్యమంగా నడిపి, ఫ్రీవర్స్ ఫ్రంట్ నెలకొల్పిన కుందుర్తి ఆంజనేయులు కాలం నుంచీ ఈ ప్రశ్న ఉంది. పద్యంలో గణం చేసే పనిని వచన కవితలో పంక్తి విరుపు చేస్తుంది. చదివేవారు ముందుగా అక్కడ చూడాలి: పంక్తి ఎందుకు అక్కడే ఆగింది, ఆగకపోతే ఏం పోయేది? ఒక ఉద్యోగి ఇచ్చిన కవిత ముగింపు ఇది.

బస్సు వెళ్లిపోయింది
దుమ్ములో
నాన్న చేయి ఇంకా ఊగుతోంది
వియోగ వేదనతో నా గుండె బరువెక్కింది

"దుమ్ములో" అన్న మాట ఒంటరిగా నిలబడడం వల్ల పైన ఉన్న బస్సుకూ కింద ఉన్న చేతికీ చెందుతోందని, అది మంచి విరుపని ఇద్దరు చెప్పారు. నాలుగో పంక్తి వద్దని దాదాపు అందరూ అన్నారు. చేయి ఊగుతుండగానే పాఠకుడి గుండె బరువెక్కింది, కవి మళ్లీ తన గుండె సంగతి చెప్పేసరికి పాఠకుడు తన బరువు దించేసి కవి బరువు చూడవలసి వచ్చింది. ఆయన ఆ పంక్తి తీసెయ్యలేదు. ఆ రోజు నిజంగా అలా అనిపించిందన్నారు. ఆ కవిత ఆయనది కాబట్టి అక్కడితో ఆ చర్చ ముగిసింది.

ఇంకొకటి చూడవచ్చు. ఆవేదన, మానవత్వం, చీకటి, వెలుగు, ఉషోదయం, అక్షరాగ్ని, ఈ మాటలు ఎక్కువగా కనిపిస్తే వాటి కింద గీత గీసి "ఇక్కడ నాకేమీ కనబడలేదు" అని చెప్పండి. అది నింద కాదు, చదివినప్పుడు జరిగింది చెప్పడమే.

నా కవితలో "యాదికొచ్చింది" అని రాస్తే "గుర్తుకొచ్చింది" అని దిద్దారు. ఇది సరైనదేనా?

సరికాదు. యాది తెలంగాణలో నిత్యం పలికే మాట, అది తప్పు కాదు గనుక దిద్దడానికి అక్కడ ఏమీ లేదు. ఉత్తరాంధ్ర మాటకైనా, రాయలసీమ మాటకైనా ఇదే వర్తిస్తుంది. గిడుగు రామమూర్తి పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా, కాళోజీ నారాయణరావు పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటూ, మూడో రోజున తోటివారి మాండలికాన్ని "శుద్ధి" చేయడం మాకు వింతగా ఉంటుంది. అర్థం తెలియకపోతే "ఈ మాటకు అర్థం ఏమిటండీ" అని అడగండి. అడిగితే కొత్త మాట ఒకటి వస్తుంది.

అయితే మాటల పొంతన వేరే సంగతి. "వాకిట", "నద్దెను" అంటూ గ్రాంథికంగా నడుస్తున్న పద్యంలో ఉన్నట్టుండి "వచ్చేసింది" అన్న మాట వస్తే చెవికి గుచ్చుకుంటుంది. అది కావాలని చేసిందో, గణం కోసం చేసిందో కవిని అడగవచ్చు.

సమస్యాపూరణం ఎందుకు చేయాలి? అది కవిత్వమా, కసరత్తా?

కసరత్తే. కానీ మాట చెప్పడం, మాట పడడం నేర్చుకోవడానికి అంతకంటే మంచి తావు మాకు దొరకలేదు. అష్టావధానంలోని ఎనిమిది అంశాలలో ఇదొకటి. దత్తపది (ఇచ్చిన మాటలు వచ్చేలా పద్యం చెప్పడం), నిషిద్ధాక్షరి (వద్దన్న అక్షరాలు రాకుండా చెప్పడం) వంటివి మిగతావి. ఆకాశవాణిలో సమస్యాపూరణ కార్యక్రమం వచ్చే రోజుల్లో శ్రోతలు కార్డు మీద పద్యం రాసి పంపి, తమ పేరు, ఊరు చదువుతారేమోనని రేడియో దగ్గర చెవి పెట్టుకుని కూర్చునేవారు.

అసంబద్ధంగా కనిపించే చివరి పాదం ఒకటి ఇస్తారు, మిగిలిన మూడు పాదాలు రాసి దాన్ని సంబద్ధం చేయాలి. మేము ఒక చలికాలంలో ఇచ్చిన కందపాదం ఇది: "చలికాలము చెమట పట్టె చల్లని నీటన్". వచ్చిన పూరణల్లో ముగ్గురు "కలలో" అని తప్పించుకున్నారు. కలలో ఏదైనా జరుగుతుంది కాబట్టి అది పూరణ అనిపించుకోదని అందరం నవ్వుకున్నాం. ఒకరు మాత్రం చెరువులో మునిగిపోతున్న స్నేహితుణ్ణి గట్టుకు లాగుతున్నవాడి చెమటగా పూరించారు. అసంబద్ధత పోవడమే కాదు, "చల్లని నీటన్" అన్న మాటకు భయం కూడా అంటుకుంది.

అందరూ ఒకే పాదాన్ని పూరిస్తారు గనుక ఎవరి నేర్పు ఎక్కడ ఉందో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. వస్తువు ఎవరి సొంత బాధా కాదు గనుక తప్పు చెప్పినా ఎవరికీ నొప్పి కలగదు. సొంత కవిత మీద మాట పడలేనివారు కొన్ని నెలలు సమస్యలు పూరించి చూడాలని మా సలహా.

దుఃఖంలో రాసిన కవిత మీద ఏమని చెప్పాలి?

ఈ జవాబు రాస్తున్నవారి తప్పు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. తండ్రి పోయిన వారం రోజులకు ఒకాయన సీసపద్యం రాసి చూపించారు. సీసంలో పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు ఉండాలి, మూడో పాదంలో ఒక గణం తగ్గింది. నేను ఆ సంగతే చెప్పాను, అదొక్కటే చెప్పాను. ఆయన "చిత్తం, సరిచేస్తానండీ" అని మర్యాదగా అన్నారు, ఆ తర్వాత ఏడాదిపాటు మాకు ఏమీ చూపించలేదు. నేను చెప్పింది తప్పు కాదు, చెప్పిన వేళ తప్పు.

అప్పటినుంచి ఇలాంటి కవిత వచ్చినప్పుడు ముందు మనిషిని పలకరిస్తాం. తరువాత పద్యంలో ఆ పోయినవారు కనిపించిన చోటును చెబుతాం, పడకకుర్చీ గాని, కళ్లజోడు పెట్టె గాని, ఏది కనబడితే అది. గణాల సంగతి ఆయన అడిగితేనే, అదీ కొన్నాళ్లు గడిచాక. ఇదేమిటి, దోషం దోషమే కదా అని ఒక మిత్రుడు వాదించారు. దోషమే, ఎక్కడికీ పోదు, ఆరు నెలల తర్వాత కూడా అక్కడే ఉంటుంది.

ఒకరు నా కవితను తిరగరాసి ఇచ్చారు. ఇప్పుడు అది నాదేనా?

గురువు శిష్యుడి పద్యాన్ని కొట్టేసి పక్కన తన మాట రాయడం మన సంప్రదాయంలో ఉంది. అయితే అక్కడ శిష్యుడు దిద్దించుకోవడానికే వెళ్లేవాడు. తోటివారి మధ్య ఆ చనువు అడగకుండా తీసుకోకూడదు. "ఒక మాట సూచించమంటారా?" అని అడిగి, ఒక్క మాటే సూచించండి. పై ఆటవెలదిలో "జారిపోయె" పనికిరాకపోయినా, "సోలిపోయె" కవయిత్రికి దొరకడానికి అదే దారి చూపింది.

మీ కవితను ఎవరైనా పూర్తిగా మార్చేస్తే కృతజ్ఞత చెప్పి పక్కన పెట్టండి, రెండు రోజుల తర్వాత తీసి చూడండి. మీకు తెలియకుండానే మీ నోట్లో నిలిచిపోయిన మాట ఉంటే అది ఉంచుకోండి.

ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు. ఎవరి మాట వినాలి?

కారణాలు పక్కన పెట్టి చోటు చూడండి. ఒకరు "ఇక్కడ బరువైన సంస్కృత సమాసం వద్దు" అంటారు, మరొకరు "ఇక్కడ ఉపమానం తేలిపోయింది" అంటారు. ఇద్దరి మాటలూ పొసగవు, కానీ ఇద్దరూ ఆగింది ఒకే చోట. ఆ చోటులో ఏదో ఉందన్నమాట. అదేమిటో ఇద్దరికీ తెలియకపోవచ్చు, మీకు తెలుస్తుంది.

కవులు ఇలా ఒకరికొకరు చదివి వినిపించుకోవడం కొత్త పద్ధతా?

కాదు. తెనాలిలో తల్లావఝల శివశంకరశాస్త్రి సాహితీ సమితిని నడిపినప్పుడు భావకవులు అక్కడ చేరి తమ రచనలు వినిపించుకున్నవారే. తెలుగులో జంటకవుల సంప్రదాయాన్ని కూడా మేము ఇలాగే చూస్తాం. తిరుపతి వేంకట కవులు, పింగళి కాటూరి కవులు, వేంకట పార్వతీశ కవులు, ఈ జంటల్లో ఒకరు రాస్తే మొదటి పాఠకుడు పక్కనే ఉన్నాడు, మొహమాటం లేనివాడు, పద్యం పాడైతే తన పేరూ పాడవుతుందని తెలిసినవాడు. అంతటి పాఠకుడు ఇవాళ ఎవరికి దొరుకుతాడు? మేము చేసేది ఆ లోటును పదిమంది కలిసి కొంత పూడ్చడం.

గణాలు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ వాడవచ్చా?

వాడండి. గురులఘువులు గుర్తించి, గణ విభజన చేసి, యతిప్రాసలు చూపించే సాఫ్ట్‌వేర్లు తెలుగుకు ఉన్నాయి, వాటివల్ల పెద్దల సమయం మిగులుతుంది. అయితే వాన వెలిశాక చుక్క ఎలా చెదిరిందని మమ్మల్ని అడిగింది సాఫ్ట్‌వేర్ కాదు.

ఇక్కడ చూపించిన కవితను పత్రికకు పంపవచ్చా? ఎవరైనా కాజేస్తే?

పత్రికలు సాధారణంగా హామీపత్రం అడుగుతాయి: ఇది నా సొంత రచన, అనువాదం గాని అనుసరణ గాని కాదు, ఇంకెక్కడా ప్రచురితం కాలేదు, పరిశీలనలో లేదు అని. పదిమంది మిత్రుల మధ్య చదివి వినిపించడాన్ని ప్రచురణగా లెక్కించాలా అన్నది ఆ పత్రిక ఇష్టం, కాబట్టి అనుమానం ఉంటే ముందుగా సంపాదకులనే అడగాలి.

ఇక హక్కుల సంగతి. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే ఆ రచన మీద హక్కు రచయితది. రిజిస్టరు చేయించాలన్న నిబంధన లేదు. రచయిత జీవితకాలమంతా, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఆ హక్కు నిలుస్తుంది. తేదీ వేసిన చిత్తుప్రతి దాచుకోండి.

అమెరికాలో పుట్టి పెరిగిన మా అమ్మాయి తెలుగులో కవితలు రాస్తోంది. అక్షరదోషాలు దిద్దాలా?

ఒకసారికి ఒక్క రకం దోషమే దిద్దండి. ఈసారి ల, ళ. వచ్చేసారి ఒత్తులు. కవిత మీద మాట మాత్రం మిగతావారికి చెప్పినట్టే చెప్పాలి, తెలుగులో రాసినందుకే మురిసిపోయి ఊరుకుంటే ఆ పిల్లకు అది తెలిసిపోతుంది.

ఒకసారికి ఎన్ని కవితలు ఇవ్వవచ్చు?

ఒకటి. రెండోది ఇచ్చే ముందు కనీసం ఇద్దరి కవితలు చదివి మాట చెప్పి ఉండాలి. శతకం పూర్తయిందన్న ఉత్సాహంలో ఒక పెద్దాయన 108 పద్యాలూ ఒకేసారి పంపించారు. మొదటి పది పద్యాలకూ బోలెడన్ని మాటలు వచ్చాయి, పదకొండో పద్యం దగ్గర అందరం ఆగిపోయాం. ఆరు నెలల తర్వాత ఒక సాయంత్రం ఆయనే ఎనభయ్యో పద్యం చదివి వినిపిస్తే, "ఇదెప్పుడు రాశారు మాస్టారూ?" అని అడిగాం.